అమ్మ లేవని ఆదివారాలు

పోయిన సంస్కారపు ఆదివారం, అంటే నెలకోసారి ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు, తార్నాకలోని మా చర్చిలో ఆరాధన సగంలో ఉండగా ఒక అమ్మాయి ట్రే పట్టుకుని వరసల మధ్యకు వచ్చి, నా చేతిలో చిన్న ప్లాస్టిక్ కప్పు పెట్టి వెళ్ళింది. కరోనా తరువాత మా సంఘంలో ఈ పద్ధతే నిలిచిపోయింది. కప్పులో ద్రాక్షారసం, దాని పైన ఒక పొర, ఆ పొర మీద నాణెమంత రొట్టె, దాన్ని మూస్తూ ఇంకో పొర. పాస్టరు అయ్యగారు చెప్పగానే అందరం కూర్చున్న చోటే పై పొర లాగి రొట్టె తీసుకుంటాం, రెండో పొర లాగి రసం తాగుతాం. లేవనక్కర్లేదు, ముందుకు నడవనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులతో ఉన్న నాలాంటి వాళ్ళకు సుఖంగానే ఉంది. ఆ రోజు మాత్రం కప్పు చేతిలో పట్టుకుని కాసేపు పొర లాగలేకపోయాను. అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇదే చర్చిలో ఒకప్పుడు అందరూ లేచి ఆ రొట్టె, రసం కోసం బల్ల దగ్గరికి వెళుతుంటే తాను మాత్రం లేవకుండా బెంచీ మీదే ఉండిపోయిన అమ్మ గుర్తొచ్చింది.

మాది గుంటూరు వైపు. నాన్నకు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో గుమాస్తా ఉద్యోగం రావడంతో నా చిన్నతనంలోనే హైదరాబాదు వచ్చాం, క్యాంపస్‌లోనే క్వార్టరు ఇచ్చారు. తరువాత నేను కూడా అక్కడి లైబ్రరీలోనే పనిచేసి రిటైరయ్యాను కనుక నా జీవితంలో ఎక్కువ భాగం ఆ చెట్ల కిందే గడిచింది. అయినా క్యాంపస్ అనగానే నాకు మొదట తట్టేది రాతి భవనాలు కావు, మా వెనక దొడ్లో రెండిళ్ళకూ కలిపి ఉన్న ఒక్క కుళాయి. ఆ రోజుల్లో క్వార్టర్లలో పెరిగిన వాళ్ళకు ఆ కుళాయి సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. నీళ్ళు వచ్చేది పొద్దున కాసేపే కాబట్టి, పక్కింటి వాళ్ళతో మాట్లాడాలని ఉన్నా లేకపోయినా రోజూ వాళ్ళ పక్కన నిలబడక తప్పేది కాదు.

పక్కింటాయన సైన్సు కాలేజీలో ల్యాబు అటెండరు. నల్లగొండ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన వాళ్ళు. ఆయన భార్యను అమ్మ అక్కా అని పిలిచేది, నేను పెద్దమ్మ అనేదాన్ని. అమ్మ తార్నాకలో ఒక బడిలో పాఠాలు చెప్పేది కనుక పెద్దమ్మకు ఆమె టీచరమ్మ. ఊరు కొత్తగా ఉన్న అమ్మకు పెద్దమ్మే ముషీరాబాదులో ఏ దుకాణంలో ఏమి దొరుకుతుందో చూపించింది, కూరగాయల బండివాడితో ఉర్దూలో బేరమాడటం నేర్పింది, నాకు జ్వరమొస్తే అమ్మ బడికి వెళ్ళిన వేళల్లో కనిపెట్టుకుని ఉంది. అమ్మ వాళ్ళ పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేది. క్రిస్మస్‌కు మా ఇంట్లో చేసిన కేకు వాళ్ళింట్లో అందరూ తినేవారు. సంక్రాంతికి వాళ్ళు పంపే సకినాలు మేము తినేవాళ్ళం. ఇందులో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఇబ్బంది బోనాలప్పుడు వచ్చింది. ఒక ఏడాది ఆషాఢంలో పెద్దమ్మ మాణికేశ్వర్ నగర్‌లో ఉన్న వాళ్ళ చుట్టాలతో కలిసి అమ్మవారికి బోనం ఎత్తి, తిరిగి వస్తూనే, పసుపు పూసిన పాదాలతో అలాగే మా గుమ్మంలోకి వచ్చి గిన్నెడు బెల్లపన్నం అమ్మ చేతికి ఇచ్చింది. విగ్రహాలకు పెట్టినది తినకూడదని మా పెంపకం. మా వాళ్ళలో ఈ పట్టింపు ఎంత గట్టిదో, ప్రసాదం చేతికొచ్చినప్పుడు ఎంత ఇరకాటమో చదివే వాళ్ళలో కొందరికైనా తెలిసే ఉంటుంది. వద్దనడానికి అమ్మకు నోరు రాలేదు. నవ్వుతూ రెండు చేతులా అందుకుంది, చాలా సంతోషమక్కా అంది. పెద్దమ్మ వెళ్ళాక ఆ అన్నం దొడ్లోకి తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, పైన ఎండాకులు కప్పింది. గిన్నె కడిగి, ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అందులో పంచదార పోసి పంపింది.

పెద్దమ్మకు కోళ్ళుండేవి. అమ్మ ఆ సంగతి మరిచిపోయింది. సాయంత్రం కోళ్ళన్నీ మా కరివేపాకు చెట్టు కింద చేరి ఎండాకులు చిమ్ముతుంటే, ఏముందా అని పెద్దమ్మ వచ్చి చూసింది. ఆకుల కింద తానిచ్చిన బెల్లపన్నం కనబడింది. కాసేపటికి మా పంచదార కాగితం పొట్లంలో తిరిగి వచ్చి మా గోడ మీద కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి కుళాయి దగ్గర మాటలు లేవు. పెద్దమ్మ అమ్మతో మాట్లాడేది కాదు కానీ అమ్మకు వినబడేలా కోళ్ళతో మాట్లాడేది. “పోండ్రి, టీచరమ్మోళ్ళ దిక్కు పోండ్రి. గాడ మీకు బెల్లపన్నం దొరుకుతది. మనింట్ల ఏమున్నది, నూకలే” అనేది. అమ్మ బిందె కింద చేయి పెట్టుకుని తలొంచుకుని నిలబడేది. ఒకటికి నాలుగుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళింది. ప్రతిసారీ తలుపు సగమే తెరుచుకునేది. “నాకు పనున్నది టీచరమ్మా” అనే మాటతో మూసుకునేది.

తరువాతి నెల మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల సంస్కారం ఉన్నప్పుడు అమ్మ లేవలేదు. ఆ నాటి పద్ధతి ఇప్పటిలాంటిది కాదు. వరస తరువాత వరస లేచి ముందుకు నడిచి, బల్ల ముందున్న కమ్మీ దగ్గర మోకరించి, అయ్యగారి చేతి నుంచి రొట్టె, ఒకే గిన్నె నుంచి రసం తీసుకునేవారు. లేవని మనిషిని పక్కవాళ్ళు దాటుకుని వెళ్ళాలి, కనుక ఎవరు లేవలేదో సంఘమంతటికీ తెలుస్తుంది, మధ్యాహ్నం భోజనాల వేళకు ఎందుకు లేవలేదన్న ఊహలు కూడా తయారవుతాయి. నాన్న సంఘ పెద్దల్లో ఒకరు. ఆయన భార్యే బెంచీ మీద ఉండిపోవడం చిన్న విషయం కాదు. ఆ తరువాతి నెలా అమ్మ లేవలేదు. స్త్రీల కూటంలో గుసగుసలు మొదలయ్యాయి. చివరికి అయ్యగారు ఇంటికే వచ్చారు.

అయ్యగారు మంచివారు. ప్రసాదం తినకపోవడం తప్పు కాదనీ, అందుకు బల్లకు దూరంగా ఉండనక్కర్లేదనీ నచ్చచెప్పారు. అమ్మ కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి నిదానంగా చెప్పింది. “తినకపోవడం తప్పని నేను అనట్లేదండీ అయ్యగారూ. తినేదానిలాగా నవ్వి తీసుకుని పారేశాను. అదండీ నా బాధ.”

అయితే దేవుని దగ్గర ఒప్పుకుంటే చాలు కదా అన్నారాయన. అర్పణ తెచ్చినప్పుడు నీ మీద ఎవరికైనా కోపముందని గుర్తొస్తే, దాన్ని అక్కడే వదిలి ముందు వాళ్ళతో సమాధానపడి రమ్మని ప్రభువు చెప్పిన మాట అమ్మ ఎత్తింది. “నాకు ఆమె మీద కోపం లేదండీ. ఆమెకే నా మీద ఉంది. ప్రభువు అడిగింది దాని గురించే కదండీ” అంది. అది సంఘంలోని వాళ్ళ సంగతమ్మా అని అయ్యగారు అంటే, “సంఘం వారానికొకసారండీ. ఆమె రోజూ కుళాయి దగ్గరుంటుంది” అంది. నాన్న ఆమె వైపు చూసి తన కాఫీ తాగేశారు.

నాకు మాత్రం ఈ వాదనలన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఆ ఏడాదే నా కన్ఫర్మేషన్, అంటే ఇకమీదట నేను కూడా పెద్దవాళ్ళతో పాటు బల్లకు రావచ్చని సంఘం ఒప్పుకునే రోజు. బిషప్ గారు వస్తారు. మొదటిసారి బల్లకు వచ్చే పిల్లలకు చెరో పక్కన తల్లీ తండ్రీ మోకరించడం మా చర్చిలో అలవాటు. తెల్ల పరికిణీ, తెల్ల ఓణీ అమ్మే కుట్టింది. కుడుతున్నంతసేపూ నేను ఆమె చుట్టూ తిరుగుతూ వస్తావా అని అడుగుతూనే ఉన్నాను. అమ్మ దారం కొరుకుతూ, అక్క మాట్లాడితే వస్తానంది. బిషప్ గారు వచ్చే ముందురోజు శనివారం సాయంత్రం కూడా పక్కింటికి వెళ్ళి, వెళ్ళిన దారినే తిరిగి వచ్చింది.

ఆదివారం నాకు ఒక పక్క నాన్న మోకరించారు. రెండో పక్క ఖాళీ. మిగతా పిల్లలందరికీ రెండు పక్కలా మనుషులున్నారు. రొట్టె నోట్లో పెట్టుకుంటున్నప్పుడు వెనక బెంచీల్లోంచి అమ్మ గొంతు పాటలో వినబడుతూనే ఉంది, అది విన్నకొద్దీ నాకు కోపం పెరిగింది. ఇంటికొచ్చాక భోజనానికి రానని మొండికేసి దొడ్లో కుళాయి గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

పెద్దమ్మ కోళ్ళకు నూకలు వేయడానికి వచ్చి నన్ను చూసింది. నాతో ఆమెకు ఎప్పుడూ పంతం లేదు.

“ఏందే, కొత్త బట్టలు కట్టుకొని ఏడుస్తున్నవ్? ఎవలన్న ఏమన్న అన్నరా?”

“అమ్మ నాతో బల్లకు రాలేదు. నీకు అమ్మ మీద కోపం పోయేదాకా రాదంట.”

“నాకు కోపమొస్తే మీ అమ్మకేంది?”

“ఎవరికైనా మన మీద కోపముంటే వాళ్ళతో మాట్లాడాకే రమ్మని మా దేవుడు చెప్పాడంట.”

పెద్దమ్మ చేతిలో నూకలు చేతిలోనే ఉన్నాయి. “ఎప్పటిసంది వోతలేదు?” అని అడిగింది. బోనాల నుంచి అన్నాను. “గప్పటిసంది మీ దేవుని కాడ ముద్ద ముట్టలేదా?” అంది. ఆమె స్వయంగా శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి. దేవుని పేరు మీద నోరు కట్టుకోవడమంటే ఏమిటో అయ్యగారికన్నా, నాకన్నా ఆమెకే బాగా అర్థమైందని ఇప్పుడు అనిపిస్తుంది. నూకలన్నీ ఒక్కసారిగా కింద పోసేసి, గోడ మీదుగా పిలిచింది. “ఓ టీచరమ్మా, ఇట్ల రా. బిడ్డను తోల్కొని రా.”

అమ్మ చర్చి చీరలోనే వెళ్ళింది, వెనకాల నేను. పెద్దమ్మ మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చరచడం మొదలుపెట్టింది. పెనం మీది రొట్టె తీసి, ఎల్లిపాయ కారం పక్కన వేసి, పళ్ళెం అమ్మ ముందుకు తోసింది.

“తిను. దేవునికి పెట్టలే, నాకోసం చేసుకున్న. భయపడకు.”

అమ్మ ఆ మాట పడింది. పళ్ళెం ముట్టకుండానే, “ఆ రోజు తిననని నీ ముఖం మీదే చెప్పాల్సిందక్కా. చెప్పకుండా తీసుకుని మట్టిలో పోశాను. నాదే తప్పు” అంది.

“చెప్తే ఏమైతుండె? నిన్ను కొడుతుంటినా? పిల్లలకు పెట్టుకుంటుంటి. అమ్మవారి అన్నం కోళ్ళ పాలు చేస్తివి.”

“తప్పేనక్కా.”

“తప్పే అంటవ్. మల్లొచ్చే ఏడు పెడితే తింటవా?”

అమ్మ పళ్ళెం నుంచి తలెత్తింది. “తిననక్కా” అంది.

నేను హడలిపోయాను. పెద్దమ్మ పెనం మీది రొట్టె తిరగేసి, అమ్మ వైపు చూసి, నవ్వింది. “గట్టిదానివే. గిప్పుడు నిజం చెప్పినవ్. తిను, సల్లగైతది.”

జొన్నరొట్టె అమ్మకు అలవాటు లేదు. గొంతు దిగక కళ్ళలో నీళ్ళు తిరిగాయో, కారానికి తిరిగాయో, మరెందుకో నేను అడగలేదు. మొత్తం తింది.

ఆ తరువాతి నెల సంస్కారపు ఆదివారం మా వరస లేచినప్పుడు అమ్మ కూడా లేచింది. నేను కమ్మీ దగ్గర కొంచెం జరిగి చోటిచ్చాను. మరుసటి ఏడాది బోనాలకు పెద్దమ్మ బోనం వండకముందే వేరే గిన్నెలో కొద్దిగా బెల్లపన్నం వండి, “ఇది ఉత్త అన్నమే టీచరమ్మా, మీ అయ్యగారికి కూడ పెట్టు” అని నవ్వుతూ పంపింది. మేము క్యాంపస్‌లో ఉన్నన్నాళ్ళూ అలాగే పంపింది. ఆమె ఒక్కపొద్దు రోజుల్లో క్రిస్మస్ వస్తే అమ్మ గుడ్డు లేకుండా కేకు చేసేది. అది గట్టిగా, ఇటుకలాగా వచ్చేది. పెద్దమ్మ వంక పెట్టకుండా తినేది కాదు, మిగిల్చేదీ కాదు. రిటైరయ్యాక వాళ్ళు బౌద్ధనగర్ వెళ్ళారు. పెద్దమ్మ పోయిన రోజు అమ్మ ఆటోలో వెళ్ళి సాయంత్రం దాకా ఆమె తల దగ్గర కూర్చుంది. అమ్మ పోయినప్పుడు చర్చివాళ్ళు మా ఇంట్లో పెట్టిన ఆదరణ కూటానికి పెద్దమ్మ కూతురు వచ్చి, చివరి వరసలో కూర్చుని, కూటం అయ్యాక గిన్నెలు కడిగిపెట్టి వెళ్ళింది.

ఇప్పుడు నేను తార్నాకలో ఒక అపార్టుమెంటులో ఉంటున్నాను. పండగలకు ప్రసాదం ప్లాస్టిక్ సంచిలో కట్టి వాచ్‌మన్ అన్ని తలుపుల గడియలకూ తగిలించి పోతాడు. ఎవరు పంపారో తెలియదు, తిన్నామో లేదో పంపిన వాళ్ళకూ తెలియదు. ఎవరికీ ఇరకాటం లేదు. చర్చిలోనూ అంతే. ఎవరు పొర లాగారో, ఎవరు కప్పు అలాగే సంచిలో వేసుకున్నారో ఎవరూ చూడరు, చూడకపోవడమే మర్యాద కూడా. ఒకప్పుడు అమ్మను అందరూ చూశారు కనుకనే ఆమె కష్టపడిందని నాకు తెలుసు. అలా చూసే రోజులు మళ్ళీ రావాలని కోరుకోలేను.

అయినా ఆ ఆదివారం కప్పు పట్టుకుని, అమ్మ చేసినట్టే, నా మీద కోపమున్న వాళ్ళెవరైనా ఉన్నారా అని వెతికి చూసుకున్నాను. మా అంతస్తులో వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఎదురు ఫ్లాటు ఆవిడ పేరు నాకు తెలియదు. హాలంతా పొరలు లాగుతున్న చిన్న చప్పుడు. మనసుకు ఎవరూ తట్టలేదు. నా మీద కోపం తెచ్చుకునేంత దగ్గరగా ఇప్పుడెవరూ లేరు. అందరితో పాటు నేనూ పొర లాగాను.