గడీలో ధాన్యపు పాతర

నిన్న ఇక్కడ ఈ ఎడారి దేశంలో, సమాయిల్ అనే ఊళ్లో ఒక కుటుంబం వాళ్ల పాత మట్టికోట చూడటానికి వెళ్లాం. ఖర్జూరాలు నిలవచేసే గదిలోని ముక్కిపోయిన వాసన తగలగానే గుమ్మంలోనే ఆగిపోయాను.

మన ఈడు వాళ్లకు గడీలు గుర్తున్నాయా? మూలమూలకూ బురుజు, పెద్ద తలుపులో వంగి దూరే దిడ్డి. మా తాతల గడీ వాకిట్లో బండ కింద బావిలాంటి ధాన్యపు పాతర ఉండేది. మూత తీయగానే తాడుతో దీపం దింపేవారు. అది ఆరితే లోపలి గాలి విషమని ఎవరూ దిగేవారు కాదు.

ఒకరోజు మూత తీసి దీపం తెచ్చేలోగా, దాగుడుమూతలాడుతున్న మా చెల్లె రాతి మెట్ల మీద సగం దాకా దిగిపోయింది. నానమ్మ దీపం దింపింది. అది చెల్లె కాళ్ల కిందికి వెళ్లగానే ఆరిపోయింది. దిగబోయిన చిన్నాయనను నానమ్మ రెక్క పట్టి ఆపింది.

"బిడ్డా, కిందికి సూడకు. నా మొకం సూసుకుంట మెల్లగ ఎక్కు."

చెల్లె ఒక్కో మెట్టూ ఎక్కింది. చేయి అందగానే నానమ్మ పైకి లాగి, వీపు మీద ఒకటి వేసి, గట్టిగా హత్తుకుంది.

ఆ సాయంత్రమే పాతరను మట్టితో పూడ్పించింది.

"తాతల నాటిది గదనే అమ్మా," అని చిన్నాయన గొణిగాడు.

"తాతలు పోయిండ్రు. పిల్ల ఉన్నది," అంది నానమ్మ.