సదర్ నాటికి లేచిన చెయ్యి

కార్వాన్ బస్తీలో బర్రెల దొడ్డి నడిపే బాలరాజ్‌కు యాభై రెండేళ్లు. అక్కడి పాలవాళ్లలో అతని పేరెత్తితే ముందు గుర్తొచ్చేది దున్నపోతును నిలబెట్టే తీరు. దీపావళి వెళ్లాక వచ్చే సదర్ పండుగలో దండలు, గజ్జెలు కట్టిన పోతులు వీధుల్లోకి వస్తాయి. బాలరాజ్ తన పోతుకు ఎదురుగా నిలిచి కుడిచెయ్యి పైకెత్తి ఒక్క కేక వేస్తే చాలు, అది ముందుకాళ్లు లేపి నిలువునా నిలబడేది. ఇరవై ఏళ్లలో మూడు పోతులకు ఆ విద్య నేర్పాడు.

ఒక చలికాలంలో అతనికి కుడిభుజం నొప్పి మొదలైంది. పాలు పిండీ పిండీ పట్టేసిందనుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ పక్కకు ఒత్తిగిల్లి పడుకోలేకపోయాడు. పురానాపూల్ దగ్గర ఒకాయన నూనె రాసి బలంగా గుంజితే కళ్లనీళ్లు తిరిగాయి, నొప్పి రెట్టింపయింది. ఎండాకాలానికి నొప్పి కాస్త తగ్గింది కానీ చెయ్యి ఛాతీ దాటి లేవడం మానేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా భార్య ఆండాలు రావలసిందే.

"ఈసారి పోతును నేను పట్టుకుంట తియ్యి అన్నా" అన్నాడు తమ్ముడు నందు. మంచి మనసుతోనే అన్నాడు. బాలరాజ్ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆండాలు మర్నాడే అతన్ని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది.

ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ లేదు. రక్తపరీక్షలో మాత్రం షుగర్ బయటపడింది. డాక్టర్ షుగర్‌కు మందులు రాసి, భుజానికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడ షారోన్ అనే ఆమె అతని చేతిని మెల్లగా పైకి లేపి చూసింది.

"చూడున్రి అన్నా, నేను లేపినా లేస్తలేదు. కీలు సుట్టూ సంచి లెక్క ఒక పొర ఉంటది. అది మందమై బిగుసుకపోయింది. షుగర్ ఉన్నోళ్లకు గిది ఎక్కువ వస్తది."

"గుంజితే వదులైతదా మేడమ్?"

"గుంజుడు బంద్ చెయ్యున్రి. దినాం ఇంత, ఓపికగ సాగదియ్యాలె. నెలలు పడ్తది, ఒక్కోసారి ఏడాది గూడ."

"నాకు సదర్ దాంకనే టైమున్నది."

"చేస్తే చూద్దం. మాటైతే ఇయ్యను."

ఆమె మాట ఇవ్వకపోవడమే బాలరాజ్‌కు నమ్మకం కలిగించింది.

ఆ రోజు నుంచి పొద్దున పాలు పిండడం తమ్ముడి వంతైంది. బాలరాజ్ భుజం మీద వేడి తువ్వాలు వేసుకుని, ముందుకు వంగి, చెయ్యి వేలాడేసి మెల్లగా తిప్పేవాడు. తర్వాత దొడ్డి గోడ మీద వేళ్లతో పాకిస్తూ చేతిని పైకి తీసుకుపోయేవాడు. అందినకాడ ఆండాలు సుద్దముక్కతో గీత పెట్టేది. చాయ్‌లో చక్కెర మానేశాడు. వారానికోసారి షారోన్ దగ్గరికి వెళ్లి కొత్త కసరత్తు నేర్చుకునేవాడు.

శ్రావణంలో రెండు వారాలు గీత జరగలేదు. "నాతోని కాదు" అని తువ్వాలు విసిరేశాడు.

"నిన్న అందింది కదా, ఇయ్యాల గంతే అందుకో. ఎక్కువ నేనడుగుతలేను" అంది ఆండాలు, తువ్వాలు మళ్లీ వేడినీళ్లలో ముంచుతూ.

దసరాకు తనే తల దువ్వుకున్నాడు.

సదర్ రోజు వీధి కిక్కిరిసింది. తాడు నందు చేతిలో ఉంది. బాలరాజ్ పోతుకు ఎదురుగా నిలిచి చెయ్యి ఎత్తాడు. చెయ్యి చెవి దాకా వచ్చేసరికి భుజం లాగింది. ఊపిరి వదిలి, తొందరపడకుండా ఇంకాస్త పైకి పోనిచ్చాడు. చెయ్యి నిటారుగా నిలిచింది. కేక వేశాడు. పోతు గజ్జెలు ఘల్లుమనిపిస్తూ అతని తలకన్నా ఎత్తుకు లేచి నిలబడింది. డప్పుల మోత, ఈలలు మిన్నంటాయి. అందరూ పోతును చూస్తుంటే ఆండాలు మొగుడి చెయ్యినే చూసింది. బాలరాజ్ పోతును మరో రెండుసార్లు లేపాడు.

ఇప్పుడు కార్వాన్‌లో ఎవరి భుజం పట్టేసినా అతని దగ్గరికే వస్తున్నారు. "ముందుగాల షుగర్ చూపించుకో భాయ్. ఎవ్వలతోని గుంజిపిచ్చుకోకు" అని చెప్పి, బండి మీద ఎక్కించుకుని తనే దవాఖానకు తీసుకుపోతాడు.