ప్లానులో లేని తూము

భీమరాజు ముప్పై నాలుగేళ్లు బర్మాలో, యాంగోన్ రైల్వేలో పట్టాల పని చేశాడు. గ్యాంగుమన్‌గా చేరి మేస్త్రీగా రిటైరయ్యాడు. పట్టా మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూస్తే చాలు, ఎక్కడ నూలుపోగంత పక్కకు జరిగిందో చెప్పేసేవాడు. ఇంట్లో గోడకు పటం తగిలించినా అలాగే కన్ను మూసి చూసేవాడు. ఆయన పోయాక ఆ పటాలను ఎవరూ ముట్టుకోలేదు. దుమ్ము పట్టినా తిన్నగానే ఉన్నాయి.

అయితే ఆయన గొప్పగా చెప్పుకున్నది తన ఉద్యోగం గురించి కాదు. అహ్లోన్ పేటలో ఆయన ఇంటి వెనకనుంచి, నది ఒడ్డున బియ్యం మిల్లులకు వెళ్లే పాత బ్రాంచి లైను గురించి. విక్టోరియా రాణి కాలంలో ఆ లైను వేసిన కూలీలకు మేస్త్రీ ఆయన ముత్తాత గోవిందు. భీమిలి రేవులో ఓడెక్కి నలభై మందిని వెంటబెట్టుకుని వచ్చాడట. ఎండాకాలంలో ఒక దొర కొలత గొలుసు పట్టుకుని, జెండాలు పాతుకుంటూ చిత్తడి నేల మీద నడిచాడు. కాగితం మీద తిన్నగా గీత గీశాడు. ఆ గీత కింద నీళ్లు పోవడానికి నాలుగు తూములు పెట్టాడు.

"దొరగారూ, నీళ్లు ఇంకోపక్క నుండి కూడా వస్తాయండి" అన్నాడట గోవిందు.

దొర కాగితం చూపించాడట. కాగితంలో నీళ్లు రాలేదు.

మొదటి వానలకే లైను కింది మట్టికట్ట అరవై అడుగులు కొట్టుకుపోయింది. మిల్లు బియ్యం లాగుతున్న ఇంజను బురదలో కూరుకుపోయి పది రోజులు అక్కడే నిలబడింది. దొర మోకాళ్ల దాకా తడిసి వచ్చి, "ఎక్కడ పెట్టమన్నావు గోవిందూ?" అని అడిగాడు. అంతే, గోవిందు మనుషులు ఇటుకా సున్నంతో పదకొండు రోజుల్లో ఐదో తూము కట్టేశారు. దాన్ని ప్లానులో ఎక్కించేలోగా దొరకు బదిలీ అయింది. అందుకే కాగితాల్లో ఎప్పటికీ నాలుగే.

ఐదో తూము ఎక్కడుందన్నది కాగితంలో కాక ఇంట్లోని మగవాళ్ల నోట్లో నిలిచింది. "లైను చీలే పాయింట్ల కాడ నుండి నూట పన్నెండో పట్టా. లాబం అని మొదలెట్టాల." తండ్రి ఇంతవరకు చెప్పి, భీమరాజు పద్నాలుగో ఏట పోయాడు. అప్పటికే మిల్లులు మూతపడ్డాయి. తర్వాత పట్టాలు పీకేశారు. కట్ట మీద అరటి మొక్కలు, కోళ్ల గూళ్లు వెలిశాయి. తూము ఎక్కడో పూడుకుపోయింది.

భీమరాజు రిటైరైన మూడో ఏడు, తింజాన్ నీళ్ల పండుగ వెళ్లిన వారం, ఆ కట్ట మీదికి మళ్లీ మనుషులు వచ్చారు. రేవుకు కంటెయినర్ల రైలు నడపడానికి ఒక కంపెనీ పాత లైనును బాగుచేస్తోంది. కట్టను నాలుగు అడుగులు ఎత్తు చేస్తారు. ఇంజనీరు మ థీరి అనే బర్మా అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. ఆమె చేతిలో దొర గీసిన ప్లాను నకలుంది.

భీమరాజు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వెళ్లి ఆమెతో బర్మా భాషలో చెప్పాడు. "ఐదో తూము ఉందమ్మా. దాన్ని తెరవకుండా కట్ట ఎత్తితే మా సందులో నలభై ఇళ్లు మునుగుతాయి. ఇప్పుడే వానాకాలం మోకాలి లోతు నిలుస్తోంది. రేపు నడుం లోతవుతుంది."

"ప్లానులో నాలుగే ఉన్నాయి ఊలే" అందామె. ఊలే అంటే బాబాయి. మాట మర్యాదగానే ఉంది, నమ్మకం మాత్రం లేదు.

"ప్లాను గీశాక కట్టారు."

"ఎవరు కట్టారు?"

"మా వాళ్లు."

పక్కనున్న ఫోర్‌మన్ కో జా కిసుక్కున నవ్వాడు. మ థీరి అతనివైపు ఒకసారి చూసి, "రెండు రోజులు తవ్వే యంత్రం ఇస్తాను. శుక్రవారం పది గంటలకు మట్టి లారీలు వస్తాయి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు" అంది.

ఆ సాయంత్రమే సందంతా తెలిసిపోయింది. అక్కడ తెలుగువాళ్లను కోరంగీలంటారు. కోరంగీ ముసలాయన ఇళ్లు మునగకుండా చేస్తాడట అని కొందరు, ముత్తాత కథలు చెప్పి యంత్రం తెప్పించాడని కొందరు. చిన్నప్పటినుంచి ఈ కథ విని విని నవ్విన ఆ సందులోనే ఇప్పుడు భీమరాజు మాట నిలబడాలి.

గురువారం పొద్దున పాత పట్టా పొడవుకు, ముప్పై అడుగులకు, తాడు కోశాడు. రెండో కొస కూతురు సుధామణి పట్టుకుంది. ఆమె ఒక బ్యాంకులో పని చేస్తుంది, తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడితే సగం బర్మా మాటలే. పాయింట్లు ఉన్నచోట ఇప్పటికీ ఒక ఇనుప మొద్దు మిగిలి ఉంది. అక్కడ తాడు పరిచి భీమరాజు దణ్ణం పెట్టాడు.

"లాబం."

తాడు ముందుకు జరిపారు.

"ఒకటి."

"నాన్నా, ఇది రెండోది కదా?"

"కాదే. మొదట్ది దేవుడిది. మీ నాన్నమ్మ బియ్యం వండినప్పుడు మొదటి గుప్పెడు పక్కన తీసేదా లేదా?"

"తీసేది. అయితే?"

"అయితే నోరు మూసుకుని తాడట్టుకో."

అలా నూట పన్నెండు లెక్కపెట్టి మేకు పాతాడు. యంత్రం తవ్వింది. రేకు డబ్బాలు, సీసా పెంకులు, ఎవరిదో చిన్నపిల్ల చెప్పు, తర్వాత నల్లటి బురద. ఎనిమిది అడుగులు దిగినా ఇటుక ముక్క కనపడలేదు. అటు ఆరడుగులు, ఇటు ఆరడుగులు వెడల్పు చేయించాడు. అయినా బురదే.

"ఊలే, మీ ముత్తాత తిరిగి వెళ్తూ తూమును కూడా ఓడలో వేసుకుపోయాడేమో!" అన్నాడు కో జా. కూలీలందరూ పారలు ఆపి నవ్వారు. సందులో గోడల మీద కూర్చున్నవాళ్లూ నవ్వారు. మ థీరి మాత్రం నవ్వకుండా గడియారం చూసుకుంది. భీమరాజుకు నవ్వులకన్నా ఆ చూపే గట్టిగా తగిలింది.

ఆ సాయంత్రం పజుండౌంగ్‌లో అమ్మవారి గుడికి వెళ్లక తప్పలేదు. మర్నాడు సంతర్పణ, బెంచీలు మోసే పని ఆయనదే. కూతురు తోడొచ్చింది. గుడి వంటశాలలో భీమరాజు తండ్రి చెల్లెలు అచ్చమ్మ గుండిగ ముందు కూర్చుని బస్తాలోంచి బియ్యం కొలుస్తోంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. బజారులో అందరికీ బర్మా లెక్కలోనే కొలిచేది. గుడి బియ్యానికి మాత్రం తెలుగే.

"లాబం... రెండు... మూడు..."

భీమరాజు మోస్తున్న బెంచీ కింద పెట్టేశాడు.

"అత్తా, ఆగాగు. ఒకటేదీ?"

"ఏటిరా? మాటాడించకు, లెక్క తప్పుద్ది."

"లాబం అన్నావు, ఎంటనే రెండన్నావు. మజ్జిన ఒకటేదని!"

అచ్చమ్మ కొలత గిన్నె ఒళ్లో పెట్టుకుని మేనల్లుణ్ణి ఎగాదిగా చూసింది. "లాబమే ఒకటిరా ఎర్రోడా. మొదటి కొలతకి మంచి మాట అనాల. నీకు మీసాలు తెల్లబడినాయి, ఇది తెల్దా?"

"దేవుడికి తీసిందేమో అనుకున్నాను."

"దేవుడికి తీసే గుప్పెడు ఏరు, కొలత ఏరు. మా అయ్య బియ్యం కొలిసినా, తాడు కొలిసినా ఇదే లెక్క. నీ అయ్య సెప్పలేదేటి?"

"సెప్పడానికి ఉండలేదు గదా అత్తా."

ముసలామె ముఖం మెత్తబడింది. కానీ సుధామణి ఊరుకోలేదు. "నేను అక్కడే చెప్పాను! రెండోది అని చెప్పానా లేదా?"

"సెప్పావే తల్లీ, సెప్పావు" అన్నాడు భీమరాజు. ఒక్క తాడు. ముప్పై అడుగులు ఎక్కువ నడిచాడు. ముప్పై నాలుగేళ్లు పట్టాలు కొలిచిన మనిషి, సొంత ఇంటి కొలత తప్పాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, కానీ కాళ్లు అప్పుడే అహ్లోన్ వైపు తిరిగాయి. "ముందు బెంచీలు మొయ్యరా" అని అచ్చమ్మ కసిరింది.

శుక్రవారం ఏడు గంటలకే కట్ట మీద ఉన్నాడు. మ థీరికి దాచకుండా చెప్పాడు. "కథ తప్పు కాదమ్మా, లెక్క నేను తప్పాను. ముప్పై అడుగులు వెనక్కి." ఆమె ఏమనుకుందో, యంత్రం తోలేవాణ్ణి పిలిచి వెనక్కి చూపించింది.

ఏడడుగుల లోతుకు వచ్చేసరికి భీమరాజు యంత్రాన్ని ఆపించాడు. గుంటలోకి దిగి గునపంతో పొడిచాడు. మెత్తగా దిగింది. ఇంకో అడుగు పక్కన పొడిచాడు. ఠంగుమంది. చేతుల్లోంచి భుజాల దాకా ఆ దెబ్బ పాకింది. బురద చేత్తో తోసేస్తే ఎర్రటి ఇటుక, దాని పక్కన ఇంకో ఇటుక, వంపు తిరిగి ఉన్నాయి.

పది గంటలకు మట్టి లారీలు వచ్చి వరసగా హారన్లు కొట్టాయి. "ఆపండి!" అని మ థీరి కింద గుంటలోంచే అరిచింది. ఆమె చీలమండల దాకా బురదలో నిలబడి, చిన్న సుత్తితో కమాను మీద కొట్టి చెవి పెట్టి వింటోంది. కో జా లుంగీ ఎగ్గట్టి తనే పార పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి రెండు వైపులా పూడిక తీశారు. వంగి చూస్తే అవతలి వెలుగు కనిపించింది.

"లోపల మొత్తం బాగుంటే దీన్నే ఉంచుతాం" అంది మ థీరి. "ఎవరైనా వెళ్లి చూడాలి."

"నేను వెళ్తాను" అన్నాడు కో జా.

"ఇది మాది" అన్నాడు భీమరాజు.

టార్చి పళ్ల మధ్య పెట్టుకుని పాక్కుంటూ వెళ్లాడు. రెండు గజాలకోసారి ఆగి ఇటుకల మీద అరచేయి వేసి చూశాడు. కీలు వదిలిన చోటు లేదు, సున్నం రాలిన చోటు లేదు. ఆ ఇటుకలు పేర్చిన చేతుల్లో ఒక్క పేరే ఆయనకు తెలుసు, మిగతా నలభై పేర్లు ఎవరికీ తెలియవు. కానీ వాళ్ల పని ఎలాంటిదో ఇప్పుడు తెలిసింది. కళ్లు చెమర్చాయో, నీళ్లు చిందాయో, ముఖం తడిగా ఉంది.

సందు వైపు తల బయటపెట్టేసరికి ఆడవాళ్లు, పిల్లలు గుమిగూడి ఉన్నారు. నిన్న గోడ మీద కూర్చుని నవ్విన పక్కింటి డా ఖిన్ చెయ్యి అందించి పైకి లాగింది.

"లోపల ఎలా ఉంది?" అని అడిగింది.

భీమరాజు నడుం పట్టుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. "మా వాళ్లు కట్టింది" అన్నాడు. "ఒక్క ఇటుకా కదల్లేదు."