కొట్టం గదికి నీళ్ళు

దేవుడు గొడ్ల కొట్టంలో పుట్టాడని వేదక్కారమ్మ చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరికీ జాలి కలగలేదు.

ఆమె మాత్రం ఆ మాట దగ్గర గొంతు తగ్గించి, కళ్ళు మూసుకుని, మేం కంటతడి పెట్టుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చింది. మా అవ్వ పత్తికాయలు ఒలుచుకుంటూనే అడిగింది.

"మరి యాడ కనాలంట? సామి గదిలోనా?"

అమ్మ నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ తప్పేమీ అనలేదు. అరవనాట కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊళ్ళో మాది సేద్యం చేసుకునే ఇల్లు. మా ఆడవాళ్ళందరూ గొడ్ల కొట్టానికి ఆనుకున్న చీకటి గదిలోనే కన్నారు. నాయన అక్కడే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. వేదక్కారమ్మకు ఏది దీనత్వమో మాకు అది ఆచారం.

క్రైస్తవులను మా వైపు అరవంలో వేదక్కారులంటారు. ఆమె వారానికొకసారి కోవిల్‌పట్టి నుంచి వచ్చేది. కుట్టుపని నేర్పుతుందని నాయన రానిచ్చాడు. అరుగు దాటకూడదని, బావి ముట్టకూడదని అవ్వ షరతు పెట్టింది. ఇంట్లో మేం తెలుగు మాట్లాడతామని తెలిసి వేదక్కారమ్మ నాకొక చిన్న తెలుగు సువార్త పుస్తకం ఇచ్చింది. ఆ అక్షరాలు ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. తాత బతికి ఉండగా ఇసుకలో దిద్దించాడు. పుస్తకంలోని తెలుగు మా నోళ్ళలో తిరిగే తెలుగు కాదు. అయినా వడ్ల గాదె వెనక కూర్చుని చదివాను. చదివినకొద్దీ ఒకే ప్రశ్న నన్ను కొరికేది. దేవుడికి మనుషుల మీద ప్రేమ ఉంటే ఉండనీ. ఆ ప్రేమేదో పైనుంచే చూపించవచ్చు కదా? వాన పైనుంచే పడుతుంది. ఆకలీ దప్పికా చావూ ఉన్న ఒళ్ళు తొడుక్కుని దిగి రావడం దేనికి?

ప్రతివారం అడగాలనుకునేదాన్ని. ఆమె ఎదురుగా కూర్చున్నాక మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ ఉండిపోయేదాన్ని. ఆమె వెళ్ళాక డైరీలో ప్రశ్న రాసుకుని, కింద నన్ను నేను తిట్టుకునేదాన్ని. ఒకసారి అడగకుండానే ఆమె చెప్పింది.

"ప్రేమమ్మా. ప్రేమతో దిగివచ్చాడు."

"మా సాములూ దిగినారు లేమ్మా, పది తూర్లు," అంది అవ్వ.

"వాళ్ళు దుష్టులను చంపి వెళ్ళిపోయారు. ఈయన మనతో ఉండడానికి వచ్చాడు."

"ఉండి ఏం జేసినాడు? సచ్చిపోయినాడని నువ్వే అంటివే!"

ఇద్దరూ గెలిచినట్టే ముఖాలు పెట్టారు. నాకు ఇద్దరి మీదా ఒళ్ళు మండింది.

ఆ ఏడు పత్తి తీతలప్పుడు అక్క విరుదునగరం నుంచి తొలి కాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. వెంటనే అక్కకు జ్వరం పట్టుకుంది.

కన్న ఆడదానికి మైల. మేం తీట్టు అంటాం. శుద్ధి స్నానం అయ్యేదాకా మంత్రసాని తప్ప ఎవరూ ఆ గదిలోకి పోకూడదు. పోతే ఆ స్నానం దాకా వాళ్ళూ లోపలే ఉండిపోవాలి. గడపకు వేపరొట్ట కట్టి, కొడవలి పెట్టారు. లోపల మూలన పత్తికట్టెల పొగ. తినడానికి బాలింతకు పెట్టే కాయం మందు ఉండ, వెల్లుల్లి కారంతో కాస్త కూడు. నీళ్ళు మాత్రం ఇవ్వరు. పచ్చి ఒళ్ళు నీరు పడుతుందని అవ్వ నమ్మకం. పెదవులు తుడుచుకోవడానికి తడిగుడ్డ ఇచ్చారు, అంతే.

"అవ్వా, ఒక్క చెంబు," అని బతిమాలాను.

"నువ్వు కన్నావా? ఏడుమందిని కన్నదాన్ని నేను. ఈ నోటితోనే నీళ్ళడిగినాను. మా అత్త ఇయ్యలేదు. బతికినానా లేదా?"

అమ్మ తల వంచుకుంది. అమ్మ మీద కోపం, తల వంచుకోవడం అమ్మ దగ్గరే నేర్చుకున్నందుకు నా మీద అంతకన్నా కోపం.

నాకు చేతనైంది గడప ఇవతల కూర్చుని మాట్లాడటం. బిడ్డ నీ పోలికేనన్నాను. ఊరి కబుర్లు చెప్పాను. అక్క ఎండిపోయిన గొంతుతో అంది:

"ఊరుకోవే పాపా. ఆడ కూచోని అక్కా అక్కా అని ముద్దు చేస్తా ఉంటే నా నాలిక తడుస్తాదా? నీళ్ళు తే. లేకుంటే పో."

ఏ ఆలోచనా చేయలేదు. తొట్టిలో చెంబు ముంచి, వేపరొట్ట పక్కకు తోసి, కొడవలి దాటి లోపలికి పోయాను.

"ఒసే! పోతే మళ్ళా రాలేవే!" అని అవ్వ అరుపు వెనకనుంచి వినబడింది.

అక్క ఒక్క గుక్కలో తాగేసింది. ఖాళీ చెంబు చేతికి వచ్చాక గానీ నాకు తెలివి రాలేదు. తొట్టి బయట ఉంది, నేను లోపల ఉన్నాను. గడప ఇవతలే ఉండి ఉంటే దొంగతనంగానైనా ఇంకో చెంబు అందించేదాన్ని. ఇప్పుడు అక్కకు లేదు, నాకూ లేదు.

"కుండెత్తుకోని రాకూడదా? ఇంత మతి లేనిదాన్ని యాడా చూడలేదే," అని అక్క నవ్వింది. కాలిపోతున్న తల తెచ్చి నా ఒడిలో పెట్టుకుంది. పొగకు కళ్ళు మండుతున్నాయి. ఆమె తల మోయడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆ రోజు వేదక్కారమ్మ వచ్చే రోజు. అరుగు ఎక్కకుండా ఇంటి పక్కగా చుట్టి వచ్చి, పెరట్లో నిలబడి పిలిచింది. "చిన్నమ్మా, లోపలున్నావా? ఎందుకు పోయావమ్మా?"

ఇన్నాళ్ళ ప్రశ్న అడగడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నా నోటినుంచి మాత్రం వేరే అరుపు వచ్చింది.

"నీళ్ళు! నాకు దప్పిక!"

ఆమె మా బావి వైపు చూసింది. ముట్టకూడదు. అవ్వ వైపు చూసింది.

"బాలింతకు ఇయ్యకూడదని ఎన్ని తూర్లు చెప్పాల?" అని అవ్వ లేచింది.

"నేను బాలింతనా అవ్వా? నేను కనలేదే! నాకెందుకు ఇయ్యవు?"

అవ్వ గిర్రున తిరిగి వంటింట్లోకి పోయింది. కొట్టంలో గొడ్లు మేత నమలడం వినిపించింది. చాలాసేపటికి అవ్వ ఒక కుండ తెచ్చి గడప మీద పెట్టింది. చేలో కూలోళ్ళకు మోసే పెద్ద కుండ.

"ఇది నీకు. దానికి కాదు. తెలిసిందా? నీకు," అంది, అక్క వైపు చూడకుండా.

మూత తీస్తే ఆవిరి వచ్చింది. వాము వేసి కాచిన నీళ్ళు. ఒళ్ళు బాగున్న పిల్లకు వాము నీళ్ళు ఎవరూ కాచరు.

"ఇప్పుడు తెలిసిందా అమ్మా, ఆయన ఎందుకు వచ్చాడో?" అని వేదక్కారమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"తెలీలేదు," అన్నాను, చిరాగ్గా. అబద్ధం కాదు. నేను ముందూ వెనకా తెలియక వచ్చాను. ఆయన అన్నీ తెలిసే వచ్చాడంటారు. చెంబు ఖాళీ అవుతుందని, తిరిగి వెళ్ళడానికి ఉండదని, తనకూ దప్పికవుతుందని తెలిసే వచ్చాడా? తెలిసి ఎవరైనా వస్తారా? ఇది మొదటి ప్రశ్న కన్నా గడ్డుది. ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అక్క జ్వరం మెల్లగా దిగింది. శుద్ధి స్నానం దాకా నేను అక్కడే ఉన్నాను. పూట పూటా కొట్టం గదికి కుండ మోస్తున్న అవ్వను చూసి పక్కింటావిడ ఆరా తీసింది.

"ఏం జేసేది? మా చిన్నదానికి వేడి ఒళ్ళు," అంది అవ్వ. "దప్పిక జాస్తి."