రోజుకి రెండు రొట్టెలు

జన్యువు అంటే ఏమిటో మా అత్తగారికి తెలియదు. అయినా ఆ పరీక్ష ఫలితం ఆవిడ ముందే చెప్పేశారు. డాక్టరు ఇంకా చీటీ రాస్తూనే ఉన్నాడు.

"మా వోళ్ళల్లో ఇలాటి రోగం ఎవులికీ లేదు. ఇది మీ పుట్టింటోళ్ళదే."

మా పెద్దపిల్లకి సీలియాక్ అని తేలిన రోజది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు పేగుకి పడని జబ్బు. పదేళ్ళ పిల్ల, రెండేళ్ళుగా ఎదుగూ బొదుగూ లేదు. ఎప్పుడూ కడుపునొప్పి. నులిపురుగుల మందు వేశాం, దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఆదివారం పొద్దున్న నొప్పి మరీ ఎక్కువగా ఉండేది. ఎందుకో ఎవరికీ తట్టలేదు. మా అత్తగారు శనివారం రాత్రి అన్నం ముట్టరు, వెంకన్న మొక్కు. ఆ పూట పలారమే, అంటే గోధుమనూక ఉప్మా, లేకపోతే చపాతీలు. ఆవిడ పొయ్యి దగ్గర ఆ రాత్రి ఎవరికీ అన్నం వండరు. పెద్దపిల్ల మామ్మతో పాటు పట్టుదలగా ఉపవాసం చేసేది. మర్నాడు మామ్మ కూడా పొట్ట పట్టుకుని వాము నీళ్ళు తాగుతూ పడుకునేవారు. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు వాతం.

ఇంట్లో ఇంకొకర్ని కూడా చూడాలన్నాడు డాక్టరు. మా చిన్నదానికి ఐదేళ్ళు. ముందు దానికి జన్యుపరీక్ష చేయిద్దాం, ఆ జన్యువులు లేకపోతే ఈ జబ్బు దాదాపు రానట్టే, నిశ్చింతగా ఉండొచ్చు అన్నాడు. ఉంటే మాత్రం జబ్బు వచ్చిందని కాదు, విత్తనం ఉందని అర్థం. మొలకెత్తిందో లేదో తెలియాలంటే ఇంకో రక్తపరీక్ష చెయ్యాలి. అదంతా ఈ ఊరి భాష హిందీలో రెండుసార్లు నిదానంగా చెప్పాడు. నేను ఇంటికొచ్చి తెలుగులో నాలుగుసార్లు చెప్పాను. గోడకి చెప్పినా కాస్త వినేది.

మా వాళ్ళకి కావలసింది పిల్లకి జబ్బుందా లేదా అన్నది కాదు, ఎవరి వైపునుంచి వచ్చింది అన్నది. ఖరగ్‌పూర్‌నుంచి అత్తగారి చెల్లెలు రోజూ ఫోను. టాటానగర్ రైల్వే క్వార్టర్లనుంచి మా అమ్మ ఇంకో ఫోను. "మా ఇంటి మీదకి తోసీకండి, మా వంశంలో అందరూ రాయి తిని అరిగించుకున్నోళ్ళే!" అని. మా ఆయన కాంట్రాక్టు పనిలో లారీల ఫ్యాక్టరీకి వెళ్ళే మనిషి. "దోనో తరఫ్ సే హోగా," అని చెప్పి, హెల్మెట్ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. రెండు వైపులనుంచీ వచ్చి ఉంటుందట. ఈ ఇంట్లో తెలివైన మాట అదొక్కటే, దాన్ని విన్నవాళ్ళు లేరు.

సాక్చి లాబ్‌లో చిన్నదాని జన్యుపరీక్ష కాగితం ఇచ్చారు. రెండు అక్షరాలు, ఒక అంకె. ఉంది. విత్తనం ఉంది.

రెండో పరీక్ష వెంటనే చేయించాలి. చేయించలేదు. అది నా తప్పే, ఇంకెవరిదీ కాదు. పెద్దదానికి వేరే పెనం, వేరే జల్లెడ, ఏ పొట్లం కొన్నా వెనకాల చిన్న అక్షరాలు చదవడం, ఇవన్నీ పడుతూ లేస్తూ నేర్చుకుంటున్నాను. మేముండే గోవింద్‌పూర్‌లో ఆరింటికి ఆటో ఎక్కి, సాక్చిలో మారి, సోనారిలో నేను పాఠాలు చెప్పే బడికి చేరేసరికి సగం ప్రాణం పోయేది. చిన్నదాని టిఫిను డబ్బా అత్తగారే కట్టేవారు. అలా రెండు నెలలు గడిచాక రక్తం ఇప్పించాను.

ఫలితం బాగుంది! ఏమీ లేదు! కలాకండ్ కొన్నాను. ఖరగ్‌పూర్‌కి నేనే ఫోను చేసి మరీ చెప్పాను. మర్నాడు పిల్లని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన కాగితం చూసి, రోజుకి ఎన్ని రొట్టెలు తింటావమ్మా అని చిన్నదాన్ని అడిగాడు.

"రోటీ? రోటీ తో బంద్ హై," అంది అది కాళ్ళు ఊపుకుంటూ. "మామ్మ చావల్ దేతీ హై. మమ్మీ కో నహీ బోల్నా."

రొట్టె బందట. మామ్మ అన్నం పెడుతుందట. మమ్మీకి చెప్పకూడదట.

డాక్టరు కలం కింద పెట్టేశాడు. గోధుమ తినడం మానేస్తే రక్తంలో జాడ కనిపించదు, ఈ కాగితం ఇక పనికిరాదు అన్నాడు. మళ్ళీ రోజుకి రెండు రొట్టెలు, రెండు నెలలు తినిపించి అప్పుడు పరీక్ష చేయించాలన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు.

"అత్తా, పాపకి రొట్టి మానిపించీసినావా?"

"మానిపించీసినాను. ఇప్పుడేటైపోనాది?"

"పరీక్ష పాడైపోనాది!"

"పరీచ్చ పాడైపోతే ఇంకోటి సేయించు. పిల్ల పాడైపోతే ఇంకోటి ఎక్కడినుంచి తెత్తావు?"

ఆ తరవాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. చదువు లేకపోతే పోనీ, చెప్పినది వినే బుద్ధయినా ఉండాలి అన్నది వాటిలో మర్యాదైనది. శనివారం రాత్రులు కూడా ఆవిడ చిన్నదాని కోసం గుప్పెడు బియ్యం ఉడకేసి, కలిపి ముద్దలు పెట్టారని అదే గొడవలో బయటపడింది. నలభై ఏళ్ళలో ఆ పొయ్యి మీద ఆ రాత్రి అన్నం ఉడకడం అదే మొదలు. ఆ సంగతి అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు.

మర్నాటినుంచి రొట్టెల పని నేనే పెట్టుకున్నాను. బడికి సెలవు దొరకదు కనక తెల్లారకముందే లేచి, రెండు రొట్టెలు కాల్చి, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మింగిందో లేదో నోరు తెరిపించి చూసేదాన్ని. పెద్దది బియ్యప్పిండి రొట్టె తింటూ చెల్లెల్ని చూస్తుండేది. అత్తగారు వరండాలోకి వెళ్ళిపోయేవారు. "నా సేత్తో పెట్టలేను, నా కళ్ళతో సూడలేను," అని ఒక్కసారే అన్నారు.

నాలుగో వారంలో చిన్నది పొట్ట నొప్పి అంది. బడి ఎగ్గొట్టే వేషాలు చాల్లే అన్నాను. ఆరో వారంలో సగం రొట్టె చాలు మమ్మీ అని బతిమాలింది. "ఒక్క ముక్క, మా అమ్మ కదూ, ఒక్క ముక్క," అంటూ మిగిలిన సగం కూడా పెట్టాను. డాక్టరుకి ఒక్క ఫోను చెయ్యొచ్చు. చెయ్యలేదు. లెక్క తప్పితే పరీక్ష మళ్ళీ పాడవుతుందని భయం. ఇంకోటి కూడా ఉంది, చెప్పేస్తాను. ఏమీ లేదన్న మొదటి ఫలితమే నిజమని తేలితే, ఆ కాగితం తెచ్చి అత్తగారి ఎదురుగా పెట్టాలని నాకు మహా ఆశగా ఉండేది.

రెండు నెలలు నిండాక మళ్ళీ రక్తం ఇప్పించి, ఒక ఆదివారం పొద్దున్న ఆ కాగితం కోసం లాబ్‌కి వెళ్ళాం. అత్తగారు కూడా వస్తానన్నారు, వద్దంటే వినలేదు. బెంచీ మీద నాకూ ఆవిడకీ మధ్య చిన్నది కూర్చుంది. కాగితం తెరిచాను. ఉండవలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. విత్తనం మొలిచింది. ఎప్పుడో మొలిచే ఉంటుంది. ఆవిడ దాచిపెట్టి అన్నం పెట్టిన రెండు నెలలే దాని కడుపు నెమ్మదిగా ఉంది. ఆ తరవాత రెండు నెలలూ ముక్క ముక్కా లెక్కపెట్టి నేనే తినిపించాను. చేయించక తప్పని పరీక్షే, డాక్టరు చెప్పిందే, నాకు తెలుసు. తెలిసినా ఆ "ఒక్క ముక్క" చెవిలోంచి పోలేదు. కాగితంలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

చెప్పానా అంటారని ఎదురుచూశాను. అనడానికి హక్కుంది కూడా. ఆవిడ లేచి, రక్తం తీసే కుర్చీలో కూర్చుని, రవిక చెయ్యి పైకి లాక్కున్నారు.

"మేరా భీ లే లో," అన్నారు లాబ్ మనిషితో, తన రక్తం కూడా తియ్యమని. నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఆదోరం ఆదోరం నాకూ ఇదే నొప్పి గదే. నా వైపునుంచే వచ్చీసి ఉంటాది."

"ఇప్పుడెందుకత్తా, డాక్టర్ని అడిగి తీయిద్దాం," అన్నాను.

"ఎందుకడగడం? నిన్న శనోరం, రెండు రొట్టిలు తిన్నాను. నా పరీచ్చ పాడవదు."