రాతి అరుగుల మధ్య తడిక

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాల పత్తిమిల్లులో గుమాస్తాగా ఉన్న నన్ను, మా యజమాని ఆళ్లగడ్డలో కొత్తగా కొన్న మిల్లుకు మేనేజరుగా పంపాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒకచోట కుదురుగా కూర్చుని ఆలోచించే ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మిల్లులో ఆడవాళ్లు నేలమీద కూర్చుని పత్తిలోంచి ఎండుటాకులూ పుచ్చుపత్తీ ఏరేవాళ్లు. సాయంత్రానికి నడుములు పట్టుకుని లేచేవాళ్లు. అది చూసి నాకు పుణ్యం కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. బేతంచెర్ల నుంచి లారీలో బండలు తెప్పించి షెడ్డులో ఎదురెదురుగా రెండు వరసల అరుగులు కట్టించాను. ఎవర్నీ అడగలేదు. మంచి చేయడానికి అడిగేదేముందని నా ధీమా.

మర్నాడు వెళ్లి చూద్దును కదా, పత్తి అరుగుల మీద ఉంది, ఆడవాళ్లు నేలమీద ఉన్నారు! రెండోరోజూ అంతే. ఒళ్లు మండిపోయింది. అందరూ అవ్వా అని పిలిచే పెద్దామె తలెత్తకుండా ఏరుకుంటోంది. ఆమె ముందు నిలబడి, "అరుగులు కట్టించింది ఎవరికోసం?" అని అరిచాను.

"మాకు ఈడే బాగుందప్పా," అంది.

"అయితే ఇంట్లో ఇంకా బాగుంటుంది. రేపట్నుంచి రావద్దు," అన్నాను, అందరూ వింటుండగా.

మర్నాడు ఒక్కరూ రాలేదు. పత్తిబండ్లు గేటు బయట బారులు తీరాయి. నేను కాలుగాలిన పిల్లిలా గేటుకీ షెడ్డుకీ మధ్య తిరిగాను. రెండోరోజుకి నంద్యాల నుంచి యజమాని కబురు వచ్చింది: సోమవారం మిల్లు తిరగకపోతే నువ్వు నంద్యాలకు కూడా రానక్కర్లేదు. కొత్తగా పెళ్లయినవాణ్ణి. భయంతో అన్నం సహించలేదు.

ఇంజను నడిపే సాయిబు నా తిరుగుడు చూసి చూసి బీడీ పారేశాడు. "సారూ, ఆ తిరిగేదేదో అవ్వ ఇంటికాడికి తిరగండి. ఎందుకు కూచోలేదో అడిగినారా?"

అడగలేదు.

అవ్వ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి కూడా చేట ఆపలేదు. "ఆ షెడ్డులో ఉండేదంతా అత్తాకోడండ్లే నాయనా. నా కోడలు నా ఎదురుగా అరుగెక్కి ఎట్ల కూచుంటాది? మా అత్త ఉన్నన్నాళ్లు నేను మంచమెక్కి ఎరగను."

"మరి నడుం నొప్పి?"

"లేదని ఎవురు చెప్పినారు? నడుమ తడిక కట్టు. అత్తలు ఈ పక్క, కోడండ్లు ఆ పక్క. కనపడకుంటే యాడ కూచుంటే ఏంది?"

లారీడు రాళ్లు చేయలేని పని ఒక తడిక చేస్తుందట! నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "తప్పు నాదే అవ్వా. నువ్వూ రా," అన్నాను.

అప్పుడు చేట కింద పెట్టింది. "రావద్దని షెడ్డులో అందరి ముందర అన్యావు. రమ్మని ఈడ కోళ్ల ముందర అంటాండావు. ఆ మాటేదో ఆడనే అను. నా కోడలు విని వచ్చి చెప్తే వస్తా."

సోమవారం తడిక కట్టించాను. అవ్వ తప్ప అందరూ వచ్చారు, ఎక్కి కూర్చున్నారు. అవ్వ అడిగిన మాట అందరి ముందూ చెబుదామని నేను గొంతు సవరించుకునేసరికి యజమాని కారు గేట్లోకి వచ్చింది. ఆయన తడికను చూసి, "భలే బుర్రయ్యా నీది!" అని నా భుజం తట్టాడు. ఆయన ముందెందుకు, రేపు చెబుదాంలే అనుకున్నాను.

రేపటి తర్వాత ఎల్లుండి వచ్చింది. రోజూ షెడ్డు దాకా వెళ్లేవాణ్ణి, పత్తి బాగుందనో లేదనో ఏదో ఒకటి వాగి తిరిగొచ్చేవాణ్ణి. అవ్వ కూర్చోవలసిన చివరి చోటు ఖాళీగా వదిలేశారు. అటు చూడకుండా నడవడం నేర్చుకున్నాను.

ఒక సాయంత్రం ఆమె కోడలు గేటు దగ్గర ఆగింది. "మా అత్త పొద్దున్నే సద్ది కట్టుకొని కూచుంటాది సారూ. నేను ఇంటికి పోతానే అడుగుతాది, చెప్పినాడా అని. ఏం చెప్పేది?"

"రేపు చెబుతానను," అన్నాను.

మర్నాడు పొద్దున్నే నంద్యాల మిల్లుకు పెద్ద మేనేజరుగా రమ్మని కబురొచ్చింది. మొదటి బస్సుకే వెళ్లిపోయాను.