అత్త పాదంలో జెల్ల ముల్లు

మా మేనత్త గుడివాడ మార్కెట్లో చేపలు అమ్మేది. తెల్లవారగానే బందరు రేవులో సరుకు పట్టుకుని బస్సెక్కేది. మొప్ప ఎత్తి వాసన చూసిందంటే ఆ చేప ఎప్పుడు ఒడ్డుకొచ్చిందో చెప్పేసేది. ఆ తీర్పుకిక అప్పీలు లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేనివాళ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెబుతున్నానంటే తట్ట మోస్తూ తిరిగిన ఆ కాళ్ల చలవే.

ఓ రోజు జెల్ల చేప ముల్లు ఆమె అరికాల్లో దిగింది. షుగరు ఉన్న మనిషి కావడంతో నొప్పి తెలియలేదు. చూసుకునేసరికి పుండు పడి వాసన కొడుతోంది. డాక్టరుగారు మాత్రలిచ్చి, వారం వారం వచ్చి పుండు గీకించుకోమన్నారు.

కొద్ది రోజులకే వాసన పోయింది. అత్త కట్టు విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని తేల్చేసింది.

"వాసన లేదమ్మాయ్. తగ్గిపోయింది. తగ్గినదాన్ని గీకించుకుంటే మళ్లీ పుండవదూ?"

ఆమె మంచం మీద కూర్చుని క్లాసులో చెప్పే పాఠమంతా చెప్పాను. పుండులో చేరిన ఈ బాక్టీరియా కొద్దిగా ఉన్నంతకాలం బుద్ధిగా ఉంటుంది, రోగం తెచ్చే జన్యువుల్ని అణిచిపెట్టుకుంటుంది. ప్రతిదీ ఓ రసాయనాన్ని వదులుతూనే ఉంటుంది. గుంపు పెరిగి ఆ రసాయనం చిక్కబడితే, మనం చాలామందిమి ఉన్నామని వాటికి తెలిసిపోతుంది. అప్పుడు అన్నీ కలిసి ఆ జన్యువుల్ని లేపి విషం కక్కుతాయి, జిగురు పొర కట్టుకుని దాని కింద కాపురం పెడతాయి. మాత్రలు పైపైన తిరిగేవాటిని చంపుతాయి, అందుకే వాసన పోయింది. పొర కింద నిద్రపోయేవి చావవు. పడవ అడుగున పట్టిన పాకుడు నీళ్లు పోస్తే పోతుందా, గీకాలి కదా అన్నాను.

అంతా విని, కాఫీ తాగి వెళ్లమంది.

నాకు ఒళ్లు మండింది. కోప్పడ్డాను, ఏడ్చాను, మాట్లాడ్డం మానేశాను. ఊరంతా నమ్మే ముక్కును ఆమె మాత్రం ఎందుకు నమ్మకుండా ఉంటుంది? కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మళ్లీ గుడివాడ బస్సెక్కింది.

పొర కింద ఉన్నవి మళ్లీ గుంపు కట్టాయి. చలిజ్వరం వచ్చింది, పాదం నల్లబడింది. బతకాలంటే మోకాలి కింద తీసెయ్యాలన్నారు. అత్త వాదించలేదు. ఆపరేషనుకి తీసుకెళ్లేముందు నా చెయ్యి పట్టుకుంది.

"దాన్ని చెత్తలో పడెయ్యనివ్వకమ్మాయ్. మీ మావయ్య పక్కన పెట్టండి."

మావయ్య సమాధి దివిసీమలో, వాళ్ల ఊరి సమాధుల తోటలో ఉంది. కొత్త తువ్వాలులో చుట్టిన ఆ కాలిని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వెళ్లాను. అది అంత బరువుంటుందనుకోలేదు. పులిగడ్డ వంతెన దాటేదాకా బయటికి చూస్తూనే ఉన్నాను, ఏమీ కనపడలేదు. పాస్టరుగారికి ఏ ప్రార్థన చెయ్యాలో తోచలేదు. చివరికి తనే మొదటి పిడికెడు మట్టి వేశారు.

మట్టి కప్పుతుండగా ఆస్పత్రి నుంచి అత్త ఫోన్ చేసింది. గొంతు ఇంకా మత్తుగానే ఉంది.

"ఏ పక్కన పెట్టారు?"

కుడి పక్కనని చెప్పాను.

"మిగిలిన నాకు చోటుంచారా?"

"ఉంచామత్తా," అన్నాను.